నాలుగు పూలు, ఒక సంతకం

వేలం సంస్థల కాటలాగులు సాహిత్యం కిందికి రావని అనుకుంటాం. కానీ వాటికీ ఒక కథనపద్ధతి ఉంది, ఒక వ్యాకరణం ఉంది. ఏది చెప్పాలో, ఏది చెప్పనక్కర్లేదో ఆ వ్యాకరణం ముందే తేల్చేస్తుంది. ఈ మధ్య ప్రింట్ల వేలానికి సంబంధించిన ఒక కాటలాగు చూశాను. అందులో ఒకే ఒక్క పేజీని తీసుకుని, కథనో కవితనో చదివేటంత శ్రద్ధగా చదవడం ఈ వ్యాసంలో నేను చేయదలచుకున్న పని.

పేజీలో ఒక పక్క బొమ్మ. గడ్డిపోచల నేపథ్యం మీద విచ్చుకున్న నాలుగు పెద్ద పూలు. రెండో పక్క పదిపన్నెండు వరుసల వివరం. చిత్రకారుడు ఆండీ వార్హోల్. శీర్షిక ‘ఫ్లవర్స్’. సంవత్సరం 1970. రంగుల స్క్రీన్ ప్రింటు. కాగితం కొలత 36 అంగుళాల చదరం. పది ప్రింట్ల సంపుటిలోది. వెనకవైపు బాల్ పెన్నుతో సంతకం, రబ్బరు స్టాంపుతో నంబరు. మొత్తం 250 ప్రతులు; అవి కాక ఇంగ్లీషు అక్షరమాలలోని 26 అక్షరాలూ వేసిన చిత్రకారుడి ప్రతులు 26. ప్రచురణ న్యూయార్క్‌లోని ఫ్యాక్టరీ అడిషన్స్, ముద్రణ ఏట్నా సిల్క్‌స్క్రీన్ ప్రొడక్ట్స్. ఆ కింద కాగితం ఎలా ఉందో చెప్పే నాలుగు మాటలు. ఆ కింద ఇది ఎవరెవరి చేతులు మారి ఇక్కడికి వచ్చిందో చెప్పే జాబితా. చిట్టచివర అంచనా ధర. ఇలాంటి ఒక్కో ప్రింటు పదుల వేల డాలర్లు పలుకుతుంది.

కాగితం స్థితిని చెప్పే భాష మనకు కొత్తదేమీ కాదు. రంగులు తాజాగా ఉన్నాయట. అంచులు నిండుగా ఉన్నాయట. ఒక మూల చిన్న మడత ఉందట. వెనక పాత టేపు మరక కనీకనిపించకుండా ఉందట. పెళ్ళిచూపులకు కూర్చున్న ఏ ఆడపిల్లకైనా ఈ నివేదిక అనుభవంలోదే. ఈ పోలికను ఇంతకంటే సాగదీయను. నాకు ఆసక్తి కలిగించింది ఈ భాగం కాదు, దాని తర్వాత వచ్చే జాబితా. దాన్ని ‘ప్రొవెనెన్స్’ అంటారు. ఆ మాటకు అసలు అర్థం ‘ఎక్కడినుంచి వచ్చింది’ అని. కానీ కాటలాగు జవాబు చెప్పేది ఆ ప్రశ్నకు కాదు, ‘ఎవరి సొత్తుగా ఉంటూ వచ్చింది’ అనే ప్రశ్నకు. మొదటి పేరు ఒక గ్యాలరీది, రెండోది ఒక సేకర్తది, మూడోది ఇంకో సేకర్తది. కొన్నవాళ్ళ వంశవృక్షం అది. చేసినవాళ్ళు అందులో ఉండరు. చేసినవాడుగా ఒక్కడే, ఆ పైన పెద్దక్షరాల్లో ఉన్నాడు.

మరి ఈ పూలు ఎక్కడినుంచి వచ్చాయి?

1964 జూన్‌లో అమెరికాలో ‘మోడరన్ ఫొటోగ్రఫీ’ అనే పత్రిక సంచికలో ఒక మడత పేజీ వచ్చింది. ఇంట్లోనే రంగుల ఫొటోలు కడుక్కునేందుకు కొడాక్ కంపెనీ తెచ్చిన పరికరాల గురించిన వ్యాసం అది. రంగుల పాళ్ళు మారితే ఫొటో ఎలా మారుతుందో పాఠకులకు చూపించడానికి ఒకే ఫొటోని రంగుల తేడాలతో పక్కపక్కనే మళ్ళీ మళ్ళీ అచ్చువేశారు. ఫొటోలో ఉన్నవి ఏడు మందారాలు. తీసింది ప్యాట్రీషియా కాల్ఫీల్డ్. ఆమె ఆ పత్రికకే ఎగ్జిక్యూటివ్ ఎడిటర్. ప్రకృతిని ఫొటోలు తీయడం ఆమె అభిరుచి, వృత్తి కూడా.

ఆ పేజీ వార్హోల్ కంట పడింది. అప్పటికి ఆయన కారు ప్రమాదాలూ, విద్యుత్ కుర్చీలూ, చనిపోయిన మార్లిన్ మన్రో ముఖమూ అచ్చువేస్తూ ఉన్నాడు. చావులు చాలు, పూలు వెయ్యమని మెట్రోపాలిటన్ మ్యూజియంలో పనిచేసే మిత్రుడు హెన్రీ గెల్డ్‌జాలర్ సలహా ఇచ్చాడని చెబుతారు. వార్హోల్ ఏడు పూల ఫొటోని చదరంగా కత్తిరించాడు. నాలుగు పూలు మిగిల్చాడు. వాటిలోనూ ఒకదాన్ని జరిపి పొందిక కుదిర్చాడు. నలుపు తెలుపుల తేడా పెంచాడు. ఆ సంవత్సరం చివర న్యూయార్క్‌లో లియో కాస్టెలి గ్యాలరీలో జరిగిన ఆయన మొదటి ప్రదర్శన నిండా ఈ పూలే. కాన్వాసుల మీద వందల సంఖ్యలో వచ్చాయి. అదే సమయంలో 23 అంగుళాల చదరంలో ఆఫ్‌సెట్ ప్రింటుగా వచ్చాయి. 1970లో మన కాటలాగు పేజీలో ఉన్న పది ప్రింట్ల సంపుటిగా వచ్చాయి.

ఆ పని విధానం మనకు తెలియనిది కాదు. మన ఊళ్ళలో పెళ్ళి శుభలేఖలూ, గుడ్డ బ్యానర్లూ వేసే స్క్రీన్ ప్రింటింగే. సన్నని జాలీ గుడ్డని చట్రానికి బిగిస్తారు. దానిమీద వెలుగు తగిలితే గట్టిపడే పూత పూస్తారు. ఫొటోని దానిమీదికి దించుతారు. వెలుగు పడనిచోట పూత కరిగిపోతుంది, ఆ సందుల్లోంచి రబ్బరు పలకతో రంగు లాగుతారు. ఒక్కో రంగుకి ఒక్కో చట్రం. 1964 నాటి కాన్వాసుల పనిలో జెరార్డ్ మలంగాలాంటి సహాయకుల చేతులున్నాయి. 1970 నాటి ప్రింట్లను ఏట్నా సంస్థ పనివాళ్ళు వేశారు. పని ఎవరు చేస్తున్నారనేది దాచకపోవడం, తన స్టూడియోకి ఫ్యాక్టరీ అని పేరు పెట్టడం వార్హోల్‌లో నాకు నచ్చే విషయాలు. కళాకారుడి చెయ్యి పవిత్రమైనదనే నమ్మకాన్ని ఆయన నవ్వుతూనే కూలగొట్టాడు. అయితే మార్కెట్ ఆ నమ్మకాన్ని వెనకదారిన మళ్ళీ లోపలికి తెచ్చుకుంది. బొమ్మ ఎవరు లాగినా ఫరవాలేదు, వెనక బాల్ పెన్నుతో గీసిన సంతకం మాత్రం ఆయనదే కావాలి.

బొమ్మని బొమ్మగా చూడకుండా రాజకీయాలు మాట్లాడుతున్నానని ఎవరన్నా అనొచ్చు. చూద్దాం. ఈ ప్రింటు అందంగా ఉంది. ఆ అందంలో ఏదో చల్లదనం ఉంది. రేకులు ఒక్కటే రంగుతో, మడత లేకుండా, నీడ లేకుండా, కాగితం కత్తిరించి అతికించినట్టుంటాయి. వెనక గడ్డి మాత్రం ఫొటోలో ఉన్నట్టే గరుకుగా, గజిబిజిగా ఉంటుంది. పూలు ఆ గడ్డిలోంచి మొలిచినట్టుండవు, దానిపైన తేలుతుంటాయి. చదరం కాబట్టి ఏది పైనో ఏది కిందో తెలియదు, ఏ వైపుకైనా తిప్పి తగిలించుకోవచ్చు. చావులు వద్దని పూలు వేసినా, సమాధిమీద పెట్టిన పూల ఛాయ వీటిని వదల్లేదని చాలామంది విమర్శకులు అన్నారు. నాకూ అలాగే అనిపిస్తుంది. ఈ బొమ్మకు విలువ లేదని నేననను. ఫొటోకి లేని భయమేదో దీనికుంది. అది వార్హోల్ తెచ్చిందే.

కానీ ఇంకో సంగతి కూడా బొమ్మలోనే ఉంది. మందారానికి గుర్తు దాని రేకులు కాదు. మధ్యలోంచి పొడుచుకు వచ్చే పొడవాటి కాడ, దాని కొసన పుప్పొడి. చిన్నప్పుడు ఆ కాడ తుంచి ఆడుకోని పిల్లలుండరు. ప్రింటులో ఆ కాడ నల్లటి మచ్చలోకి కలిసిపోయింది. మిగిలింది ఎక్కడిదైనా కాగల అయిదు రేకుల పువ్వు. పాన్సీలని కొందరు, ఎనిమోన్‌లని కొందరు రాశారు. దొడ్లో మందారం చెట్టున్న ఇంటామెకి చూపించినా ఠక్కున మందారమని అనదు. శీర్షికలో ‘పూలు’ అని తప్ప మరేమీ లేదు. అంటే పోయింది తీసినామె పేరు ఒక్కటే కాదు, పువ్వు పేరు కూడా. ఒకసారి ఏదైనా ముడిసరుకు అయిపోయాక దానికి ఊరూ పేరూ అక్కర్లేదు. ప్రకృతినీ స్త్రీలనీ ఒకే కాటాలో తూచే పద్ధతి గురించి మన పర్యావరణ స్త్రీవాదులు చెబుతున్నది ఇదే కదా.

కాల్ఫీల్డ్ ఊరుకోలేదు. 1966లో దావా వేసింది. కోర్టు బయట రాజీ కుదిరింది. పరిహారంగా రెండు ఫ్లవర్స్ చిత్రాలు, తర్వాత వేసే ప్రింట్ల ఆదాయంలో కొంత వాటా ఇవ్వడానికి వార్హోల్ వైపువాళ్ళు ఒప్పుకున్నారు. 1970ల్లో వార్హోల్ తన బొమ్మలకు తనే పోలరాయిడ్ ఫొటోలు తీసుకోవడం బాగా పెరిగింది. ఆ అలవాటు వెనక ఈ దావా అనుభవం కూడా ఉందని కళాచరిత్రకారులు రాస్తుంటారు. ఇది నిజమైతే, ఇరవయ్యో శతాబ్దపు అతి ప్రసిద్ధ చిత్రకారుడి పద్ధతిని మార్చినవాళ్ళలో ఆమె ఒకరు. కానీ ఆమె ప్రస్తావన వచ్చినచోటల్లా ‘కేసు వేసిన ఫొటోగ్రాఫర్’ అనే వస్తుంది. అలా కాకుండా ఆమెను బాధితురాలిగా మాత్రమే చూపించినా ఇంకోసారి కత్తిరించినట్టే అవుతుంది. ఆ పది ప్రింట్ల సంపుటి వచ్చిన 1970లోనే సియెర్రా క్లబ్ ‘ఎవర్‌గ్లేడ్స్’ అనే పుస్తకం వేసింది. ఫ్లోరిడా చిత్తడి నేలల మీద కాల్ఫీల్డ్ తీసిన ఫొటోల పుస్తకం. అక్కడ ఆమె పేరు అట్టమీద ఉంది. ఒకే సంవత్సరంలో ఒకే మనిషి చూపు రెండు దారుల్లో బయటికి వచ్చింది. పేరున్నది పుస్తకాల షాపుకి వెళ్ళింది. పేరు లేనిది వేలంపాటకు వెళ్ళింది. రెండోదాని ధర ఏడాదికేడాది పెరుగుతూ పోయింది.

ఇందులో ఒక చిక్కుంది, దాటవేయకూడదు. ఆ మడత పేజీలోనే ఒకే బొమ్మ రంగులు మారుతూ పదేపదే అచ్చయింది. అంటే పూలు ఒక్కటే కాదు, పునరావృతి అనే ఆలోచనకు కూడా ఆ పేజీలో ఒక నమూనా ఉంది. అప్పటికే సూప్ డబ్బాలనూ మార్లిన్‌నూ వరసలుగా వేసిన వార్హోల్‌కి పునరావృతి కొత్త కాదు. ఆయన ఆ పేజీలో తన పద్ధతినే చూసుకుని ఉండాలి. అయితే సాంకేతిక పత్రికలో రంగుల తేడాలు చూపితే అది వాడకం తెలిపే పాఠం. గ్యాలరీ గోడమీద చూపితే తాత్త్వికత. చోటు మారితే అర్థం మారుతుందనేది నిజమే. ఆ చోటు ఎవరికి దొరుకుతుంది, ఎవరికి దొరకదు అన్నది మాత్రం అర్థానికి సంబంధించిన ప్రశ్న కాదు, అధికారానికి సంబంధించిన ప్రశ్న. గొప్ప స్త్రీ చిత్రకారులు ఎందుకు లేరని 1971లో లిండా నోక్లిన్ అడిగి, జవాబు ప్రతిభలో కాక సంస్థల్లో ఉందని చూపించింది. ఆ మాట ఇక్కడికి సరిగ్గా సరిపోతుంది.

కత్తిరింపు అనగానే తెలుగువాళ్ళకు గుర్తు రావలసిన ఉదంతం ఒకటుంది. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1887లో అచ్చువేసినప్పుడు కొన్ని పద్యాలతోపాటు, ఆమె తన ఇంటి స్త్రీల పేర్లు చెప్పుకున్న పీఠికనూ తీసేశారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ తాళపత్రం సంపాదించి, తీసేసినవాటిని తిరిగి చేర్చి వావిళ్ళవారి చేత వేయించింది. శృంగారం ఎక్కువైందని పద్యాలు తీశారంటే ఆ కాలపు నీతి అనుకోవచ్చు. వంశం చెప్పుకున్న పద్యాల్లో శృంగారం లేదే! అవెందుకు అక్కర్లేకపోయాయి? కృతి మిగలాలి, కృతికర్త్రి ఎక్కడినుంచి వచ్చిందో మిగలనక్కర్లేదు. ఏడు పూలలో మూడు తీసేయడం కళాత్మక నిర్ణయం కావచ్చు. పీఠిక తీసేయడం ఎవరి దృష్టిలోనూ కళాత్మక నిర్ణయం కాదు. కానీ రెండుచోట్లా కత్తెర ఒకే వైపుకి నడిచింది. నాగరత్నమ్మ చేసిన పనికి మన విమర్శలో ఇంకా సరైన పేరు రాలేదు. ప్రొవెనెన్స్‌ని వెనక్కి రాయడం అని నేనంటాను.

ఇక్కడిదాకా కథ సులువుగానే ఉంది. స్త్రీ తీసింది, పురుషుడు తీసుకున్నాడు. ఎలేన్ స్టర్టెవాంట్ వచ్చి దీన్ని కష్టం చేస్తుంది. కష్టం చేసినందుకు ఆమెకు మనం కృతజ్ఞులమై ఉండాలి. 1924లో ఒహాయోలో పుట్టిన స్టర్టెవాంట్ 1965లో న్యూయార్క్‌లోని బియాంకీని గ్యాలరీలో తన మొదటి సొంత ప్రదర్శన పెట్టింది. గోడనిండా వార్హోల్ పూలు. అచ్చం అలాగే. అందుకు కావలసిన సిల్క్‌స్క్రీన్ చట్రాన్ని వార్హోలే ఇచ్చాడు. తర్వాతి రోజుల్లో ఆయన పద్ధతి గురించి ఎవరో అడిగితే నాకు తెలియదు, ఎలేన్‌ని అడగండి అన్నాడనే మాట బాగా ప్రచారంలో ఉంది. అందరూ ఇంత హాయిగా తీసుకోలేదు. 1967లో ఆమె క్లేస్ ఓల్డెన్‌బర్గ్ ‘స్టోర్’ను మళ్ళీ చేసినప్పుడు ఆయనకు బాగా కోపం వచ్చింది. వస్తువులను ఎత్తుకొచ్చి కళ చేసినవాళ్ళకు తమ కళను ఒక స్త్రీ ఎత్తుకుంటే మింగుడుపడలేదు. 1970ల్లో కొన్నేళ్ళపాటు ఆమె బొమ్మలు ఆపేసింది. తర్వాత తిరిగి వచ్చింది. 2011లో వెనిస్ బియెన్నాలేలో గోల్డెన్ లయన్ ఇచ్చారు. 2014లో పారిస్‌లో చనిపోయింది. అదే సంవత్సరం చివర న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆమె పని అంతటినీ చూపించే ప్రదర్శన పెట్టింది.

ఫొటో తీసినామెకు హక్కు ఉందని గట్టిగా వాదిస్తే స్టర్టెవాంట్‌ని ఏం చేయాలి? ఆమెదీ దొంగతనమేనా? ఇంకొకరి పని ముట్టుకోవడమే నేరమైతే స్త్రీల కళాచరిత్రలో సగం చెరిపేయాల్సి వస్తుంది. పాత చీరలతో బొంతలు కుట్టినవాళ్ళూ, పాత బాణీలో కొత్త పాట కట్టినవాళ్ళూ, రామాయణాన్ని తిరగరాసినవాళ్ళూ అందరూ దోషులవుతారు. ముట్టుకోవడం తప్పు కాదు. తేడా స్టర్టెవాంట్ పెట్టిన శీర్షికలో ఉంది. ఆమె తన బొమ్మకు ‘పూలు’ అని పేరు పెట్టలేదు, ‘వార్హోల్ పూలు’ అని పెట్టింది. ఎవరినుంచి తీసుకుందో బొమ్మ పేరులోనే ఉంది. ఆ పేరు తెలియకుండా ఆ బొమ్మని చూడడం కుదరదు. అప్పు తీసుకున్నట్టు రాసిచ్చి తీసుకోవడానికీ, రాయకుండా తీసుకోవడానికీ ఉన్న తేడా అది.

అయితే స్టర్టెవాంట్ శీర్షికలో కూడా కాల్ఫీల్డ్ లేదు. ఈ సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు. మూలం ఏదని ప్రశ్నించడమే పనిగా పెట్టుకున్న చిత్రకారిణికి కూడా మూలం వార్హోల్ దగ్గరే ఆగింది. ఆమె ఉద్దేశం పేరుగల కళ మీద దెబ్బ తీయడం కాబట్టి అలా ఆగిందని సమర్థించవచ్చు, ఆ సమర్థనలో బలం ఉంది కూడా. కానీ పేరున్నవాడిని ఎదిరించినా పేరు అతనిదే మిగులుతుందని, పేరు లేనిది ఆ పోట్లాటలోకి కూడా రాదని దీనివల్ల తెలుస్తోంది. మన సాహిత్య వివాదాల్లోనూ ఇది చూస్తూనే ఉన్నాం. పెద్ద రచయితని ఖండిస్తూ పది వ్యాసాలు రాస్తాం. అతనికంటే ముందు అదే వస్తువు మీద రాసిన స్త్రీ గురించి ఒక్క వ్యాసమూ రాయం.

సంతకం గురించి మొదట్లో అన్నాను. దానికో పూర్వకథ ఉంది. వార్హోల్ తల్లి జూలియా వార్హోలా ఇప్పటి స్లొవేకియాలోని మికోవా అనే పల్లెనుంచి పిట్స్‌బర్గ్ వలస వచ్చిన రుసిన్ స్త్రీ. ఆర్థిక మాంద్యం రోజుల్లో రేకు డబ్బాలు కత్తిరించి పూలు చేసి, క్రేప్ కాగితంతో పూలు చేసి ఇంటింటికీ తిరిగి అమ్మింది. 1952లో కొడుకు దగ్గరికి న్యూయార్క్ వచ్చింది. ఆమె వంపుల చేతిరాత కొడుక్కి నచ్చింది. వాణిజ్య చిత్రకారుడిగా ఆయన వేసిన బొమ్మల మీద అక్షరాలు ఆమె రాసేది, చాలాసార్లు ఆయన సంతకం కూడా ఆమే పెట్టేది. ఆమెకు వీలుకానప్పుడు నేథన్ గ్లక్ అనే సహాయకుడు ఆమె రాతని అనుకరించేవాడు. 1958లో ఒక గ్రామఫోన్ రికార్డు అట్టమీద ఆమె రాసిన అక్షరాలకు బహుమతి వచ్చింది. బహుమతి పొందినవారి పేరు ‘ఆండీ వార్హోల్ తల్లి’. పిల్లుల బొమ్మలతో ఆమె వేసిన చిన్న పుస్తకం మీద కూడా కర్త పేరు అదే. ఫలానావారి శ్రీమతిగా, ఫలానావారి తల్లిగా అచ్చయిన మన పాత పత్రికల రచయిత్రులు గుర్తురాక మానరు.

రేకు డబ్బాల పూలు చూసి పెరిగాడు కాబట్టే సూప్ డబ్బాలు వేశాడు, పూలు వేశాడు అని నేననను. అంత తేలిక లెక్కలు నాకు ఇష్టం ఉండవు. నేనంటున్నది ఇంకోటి. కాటలాగు సంతకాన్ని ఒక మనిషి చేతి ముద్రగా, అసలుతనానికి ఆఖరి రుజువుగా చూపిస్తోంది. అదే మనిషి ఒకప్పుడు తన సంతకాన్ని తల్లి చేత పెట్టించాడు. ఆ తల్లికి తన పేరుతో సంతకం పెట్టే సందర్భం రాలేదు. సంతకం అనేది వ్యక్తిది కాదు, ఒక ఇంటి పనుల పంపకానిది. వంట ఎవరు చేశారన్నది వడ్డించిన విస్తరిలో కనపడదు కదా, అలాగే.

2023 మే 18న అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ఈ చర్చను మళ్ళీ బల్లమీదికి తెచ్చింది. లిన్ గోల్డ్‌స్మిత్ అనే ఫొటోగ్రాఫర్ 1981లో గాయకుడు ప్రిన్స్‌ని ఫొటో తీసింది. 1984లో ‘వేనిటీ ఫెయిర్’ పత్రిక ఒక్కసారి వాడుకునేందుకు 400 డాలర్లిచ్చి అనుమతి తీసుకుని, దాని ఆధారంగా వార్హోల్ చేత బొమ్మ వేయించింది. వార్హోల్ ఒక్కటి కాదు, పదహారు వేశాడు. 2016లో ప్రిన్స్ చనిపోయాక కొండే నాస్ట్ సంస్థ అందులో ఇంకొకదాన్ని వాడుకుని వార్హోల్ ఫౌండేషన్‌కి పదివేల డాలర్లకు పైగా ఇచ్చింది. గోల్డ్‌స్మిత్‌కి డబ్బూ లేదు, పేరూ లేదు. ఆ వాడకం వరకూ న్యాయం గోల్డ్‌స్మిత్ వైపే ఉందని ఏడుగురు న్యాయమూర్తులు, లేదని ఇద్దరు అన్నారు. మెజారిటీ తీర్పు రాసింది సోనియా సోటోమయోర్. అసమ్మతి రాసింది ఎలీనా కేగన్. ఇద్దరూ స్త్రీలే.

కేగన్ అసమ్మతిని మనం ఓపిగ్గా చదవాలి. చిత్రకారులు ఎప్పుడూ ముందువాళ్ళ భుజాలమీద నిలబడే బొమ్మలు వేశారని, ప్రతిదానికీ అనుమతి కావాలంటే కొత్త కళ ఊపిరాడక చచ్చిపోతుందని ఆమె వాదన. తిరగరాయడం మీద బతికే స్త్రీవాద సాహిత్యానికి ఈ భయం అక్కర్లేనిది కాదు. ఆస్తి హక్కుని గట్టిపరచడం వల్ల చివరికి లాభపడేది పెద్ద సంస్థలే కావచ్చు. ఈ తీర్పుతో అంతా సరిపోయిందని పండగ చేసుకోను. కోర్టు తేల్చగలిగింది డబ్బు సంగతి. లైసెన్సు ఎవరిది, రుసుము ఎవరికి అన్నది. పేరు సంగతి కోర్టుది కాదు. అది చరిత్ర రాసేవాళ్ళది, కాటలాగు రాసేవాళ్ళది, విమర్శ రాసేవాళ్ళది.

అందుకే ఆ పేజీలో నేను కోరుకునే మార్పు చిన్నది. ధర తగ్గించమని కాదు. సంతకం చెరిపేయమని కాదు. ప్రొవెనెన్స్ మొదటి గ్యాలరీ దగ్గర కాక దాని ముందునుంచి మొదలుపెట్టమని. మందారాలు, ప్యాట్రీషియా కాల్ఫీల్డ్ తీసిన ఫొటో, ‘మోడరన్ ఫొటోగ్రఫీ’, 1964 జూన్, కత్తిరించి, మార్చి, సిల్క్‌స్క్రీన్ చేసింది ఆండీ వార్హోల్, అచ్చువేసింది ఏట్నా పనివాళ్ళు, 1966లో దావా, తర్వాత రాజీ. ఆ తర్వాత ఎంతమంది కొన్నారో రాసుకోండి. ఈ నాలుగు వరుసలు చేరిస్తే బొమ్మ విలువ పడిపోదు. ఒక మేధావి ఏకాంతంలోంచి ఊడిపడిన వస్తువుగా కాక, చాలామంది చేతులు తగిలిన పనిగా కనపడుతుంది. వార్హోల్ తన స్టూడియోకి ఫ్యాక్టరీ అని పేరు పెట్టినప్పుడు చెప్పింది అదే అయితే, ఈ మార్పుకి ఆయన కూడా అభ్యంతరం చెప్పకూడదు.

ఈ లెక్క వేలం సంస్థలకే పరిమితం చేసి చేతులు దులుపుకోలేం. మనలో చాలామందిమి విశ్వవిద్యాలయాల్లో పనిచేస్తున్నాం, సంకలనాలు వేస్తున్నాం, ఊళ్ళు తిరిగి పాటలు సేకరిస్తున్నాం. పాట అచ్చయినప్పుడు సేకరించినామె పేరు అట్టమీద ఉంటుంది. పాడినామె ‘ఒక వృద్ధ స్త్రీ’గానో, ఊరి పేరుగానో మిగులుతుంది. సిద్ధాంత వ్యాసంలో ఆమె మాటలు ‘డేటా’ అవుతాయి. పత్రిక ముఖచిత్రానికి వాడిన ముగ్గు వేసిందెవరో, అద్దాల పని చేసిన లంబాడీ స్త్రీ ఎవరో లోపలి పేజీల్లో ఎక్కడా ఉండదు. ఆమె పేరు అడగడానికి పట్టేది ఒక్క నిమిషం. అక్కడ మనమే వార్హోల్‌మి, మనమే కాస్టెలి గ్యాలరీ, మనమే కాటలాగు. కాల్ఫీల్డ్‌కి కనీసం లాయరు ఉన్నాడు. ముగ్గు వేసినామెకి మనం తప్ప ఎవరూ లేరు.